జపాను వాళ్లకీ పర్మిషనా!

బందరు, మార్చి 20

చిరంజీవి బెంజమిన్‌కు మేనమామ దయానందం దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నేనూరుకున్నా మీ రాహేలత్తయ్య ఊరుకోదు. లీడ్స్‌లో నర్సుగా ఉన్న నీ చెల్లెలు వినీల పెళ్లి ఏప్రిల్ పద్దెనిమిదిన. మీ నాన్న పోయాడు కనుక, దాని చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించుకు రావలసినవాడివి నువ్వే. మరి బ్రిటన్ వీసాకి వేలిముద్రలిచ్చావా? నావి మూడుసార్లు తుడిచి తీసుకున్నారు. నలభై ఏళ్లు ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చిన వేళ్లు, గీతలరిగిపోయాయి. అవనిగడ్డ పెళ్లికార్డులన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. ఒకసారి పెళ్లికొడుకు పేరు బదులు... సరే, అది ఇంకోసారి.

గుడివాడలో టిక్కెట్లు చేసే సూరయ్య ఇంకో మాటన్నాడు. మీ ఆవిడ హరుకా జపాను మనిషైనా సరే, ఇప్పుడు బ్రిటన్ వెళ్లాలంటే ముందుగా పర్మిషన్ తీసుకోవాలిట! నిజమేనా అని రెండుసార్లు అడిగాను.

ఇట్లు
నీ మావయ్య

తా.క. కాగితం ఫొటో తీసి పంపుతున్నాను. పోస్టులో వేస్తే పెళ్లయ్యాక అందుతుంది.

ఒసాకా, మార్చి 22

మావయ్య గారికి, బెంజమిన్ వందనాలు.

సూరయ్య గారి మాట నమ్మకండి. జపాను పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా అక్కర్లేదు. ఆరేళ్ల కిందట హరుకా ఊరికే పాస్‌పోర్టు చూపించి వెళ్లొచ్చింది. మా ఇద్దరికీ ఏమీ అక్కర్లేదు. మీరు నిశ్చింతగా ఉండండి.

మీ మేనల్లుడు
బెంజమిన్

తా.క. వేళ్లకి కొబ్బరినూనె రాయండి.

బందరు, ఏప్రిల్ 2

ఒరేయ్ అబ్బాయీ, దీవెనలు.

"మా ఇద్దరికీ" అన్న మాట చదివి అత్తయ్య కుర్చీలో కూలబడింది. పెళ్లి చేసుకుంటే పాస్‌పోర్టు కూడా అంటుకుంటుందా? మొవ్వలో పుట్టినవాడికి వీసా అక్కర్లేకపోవడమేమిటి?

మా ఇద్దరి వీసాలూ వచ్చాయి. నీ సంగతే బెంగ. అందుకని బీరువాలో ఉన్న నీ పాత పాస్‌పోర్టు జిరాక్సు తీసుకెళ్లి, సూరయ్య చేత నీ పేర వీసా ఫారం పెట్టించాను. "మనిషి లేకుండా వేలిముద్రలెలాగండీ?" అన్నాడు. "ముందు ఫారం పెట్టవయ్యా, వేళ్లు తర్వాత వస్తాయి" అన్నాను.

ఇట్లు
నీ బాగు కోరే మావయ్య

తా.క. పాస్టరు గారి చేత సత్ప్రవర్తన సర్టిఫికెట్టు కూడా రాయించి జతచేశాను. "పాటకు పనికిరాడు గాని మనిషి మంచివాడు" అని రాశారు.

ఒసాకా, ఏప్రిల్ 14

మావయ్యా, ఎంత పని చేశారండీ!

విమానం వాళ్ల మెసేజ్ వచ్చింది. సూరయ్య గారు చెప్పింది నిజమే. వీసా అక్కర్లేని వాళ్లు కూడా ఇప్పుడు బయల్దేరే ముందే ఈటీఏ అనే పర్మిషన్ తీసుకోవాలి. లేకపోతే విమానం ఎక్కనివ్వరు. హరుకా ఫోన్లోనే ఇద్దరికీ పెట్టాం. తనకి పది నిమిషాల్లో వచ్చింది. నాది "పరిశీలనలో ఉంది" అంటోంది.

మీకొక మాట చెప్పాలి. రెండేళ్ల కిందట నేను జపాను పౌరుణ్ణయ్యాను. మీతో చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఒకే పేరు, ఒకే పుట్టినరోజుతో వాళ్ల దగ్గర ఇద్దరు బెంజమిన్లున్నారు: నేను పెట్టిన జపానువాడొకడు, మీరు పెట్టిన ఇండియావాడొకడు. విమానం ఎల్లుండి.

క్షమించమని కోరే
బెంజమిన్

తా.క. ఆ సర్టిఫికెట్టు మాత్రం ఇంకెవరికీ చూపించకండి.

లీడ్స్, ఏప్రిల్ 20

జపాను దేశస్థులైన శ్రీ బెంజమిన్ గారికి,

నీ జాబు చూశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు విమానంలో పెట్టింది ఎలాగూ సయించేది కాదు.

పెళ్లి బాగా జరిగింది. నీ పర్మిషన్ రాక హరుకా ఒక్కతే వచ్చింది కనుక నడిపించే పని నాదేననుకుని, సూటు తొడుక్కుని చర్చి గుమ్మంలో నిలబడ్డాను. వినీల నా టై సర్ది, "మావయ్యా, మీరెళ్లి ముందు వరసలో కూర్చోండి. అన్నయ్యని ఆపేసింది మీరేగా!" అంది. వెళ్లి కూర్చున్నాను. హరుకా పెడన కలంకారీ చీర కట్టుకుని, నీ చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఒక్క అడుగు తడబడలేదు. అత్తయ్య తెరిచిన నోరు ఇంకా మూయలేదు. నాకు కళ్లు చెమర్చాయి. చలి దేశం, జలుబని చెప్పాను.

తప్పు నాదే. కాని దేశం మార్చుకున్నవాడివి, మేనమామకి ఒక్క ముక్కైనా రాయకూడదట్రా?

ఇట్లు
ఇంకా ఇండియావాడే అయిన
మావయ్య

తా.క. ఇప్పుడే హరుకా తన ఫోన్ చూపించింది. ఈ పొద్దున నీ పర్మిషన్ వచ్చింది.