మస్తాన్ తాత పోల్చుకోలేని ఫోటో

ఆదివారం

ఈరోజు గెలిచాను! ఒకప్పుడు ఉదయగిరిలో ఊరందరి ఫోటోలూ తీసి, కడిగిన మస్తాన్ తాత దగ్గరికి వెళ్లాను. ఆయన పాత గోధుమరంగు ఫోటోల మధ్య నాదొకటి కలిపి మంచం మీద పరిచాను. దుత్తలూరు దగ్గర గొర్రెలు కాసే ఆమెను పోయిన వారం ఫోన్‌లో తీసిందది. ఆత్మకూరులో నా స్టూడియోలో వారమంతా ఫోటోషాప్ ముందు కూర్చుని ఆ పాత రంగూ, అంచుల్లో వెలిసిన మచ్చలూ తెచ్చి, గరుకు కాగితం మీద ప్రింట్ తీశాను. "కంప్యూటర్ బొమ్మకు ప్రాణం ఉండదు పాపా" అని తాత ఎప్పుడూ అంటాడు మరి.

తాత భూతద్దంతో ఒక్కొక్కటే చూసి, సరిగ్గా నాదే చేతికి తీసుకున్నాడు.

"దీన్ని బాగా కడిగినాను. ఆ పొద్దు ఎండ జాస్తి."

"అది నాది తాతా. ఫోన్‌లో తీసినాను."

ఆయన ఫోటోను మళ్లీ భూతద్దం కింద పెట్టి, అంచులన్నీ వేలితో తడిమి చూశాడు. నొప్పించానేమోనని భయమేసింది.

"అందరికీ తీసినాను గానీ, నాకు తీసేవాళ్లే లేకపోయిరి. నన్ను గూడా ఇట్లనే చెయ్యి పాపా" అన్నాడు చివరికి.

వెంటనే గోడ దగ్గర నిలబెట్టాను. "తల కొంచెం ఎత్తు తాతా" అన్నాను.

"ఏందీ, నాకే నేర్పిస్తుండావా!" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వునే తీశాను.