మూడో అంతస్తు మోకాళ్లు

డాక్టరు గారికి,

ముసలితనం మీద మీ పరిశోధన గురించి పేపర్లో చదివి ఒళ్లు మండింది. డెబ్భై దాటినా మా ఊరివాళ్ల మోకాళ్లు గట్టిగా ఉన్నాయట! ఉండవూ మరి? మీ గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పాడై రెండేళ్లయింది. మెట్లెక్కి వచ్చిన నాలాంటివాళ్లనే మీరు పరీక్షించారు.

పరీక్షకొచ్చిన మా అక్క కింది మెట్టు మీదే రెండు గంటలు కూర్చుంది. మీ గుమస్తా పైనుంచి తొంగిచూసి, "పైకి రాకపోతే రానట్టే రాస్తామమ్మా" అన్నాడు.

నలభై ఏళ్లు బట్టలు కుట్టినదాన్ని. మంచం దిగలేనివాళ్ల కొలతలకు టేపు మెడలో వేసుకుని నేనే వెళ్లేదాన్ని.

సోమవారం నన్ను మళ్లీ రమ్మన్నారుగా, అక్కనూ తీసుకుని వస్తాను. అక్క పక్కన అదే మెట్టు మీద కూర్చుంటాను. మీరే దిగి రండి. దిగకపోతే నా పేరు పక్కన కూడా రాలేదనే రాసుకోండి.

ఇట్లు,
మీ లెక్కలో గట్టి మోకాళ్ల మనిషి