మెడలో గొట్టం తీసిన రోజు

అక్కయ్యకు దణ్ణాలు. నేను కులాసా, బెంగపడకు.

నిన్న నా మెడ నరంలోని మందుల గొట్టం తీశారు. ఇంటికొచ్చే తొందరలో మంచం అంచున కూర్చున్నాను. కొత్త డాక్టరు అలాగే లాగబోయాడు. పెద్ద నర్సమ్మ పరుగున వచ్చి, "ఆగండి బాబూ! కూర్చోబెట్టి తీస్తే గాలి నరంలోంచి గుండెకి పోయి ప్రాణం మీదికొస్తుంది," అంది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త దించి, ఊపిరి బిగబట్టమని అప్పుడు తీయించింది. ఆ చోట గట్టిగా నొక్కిపట్టి, గాలి చొరని పట్టీ వేసి, అరగంట లేవనివ్వలేదు. "లోగడ ఒకాయన్ని కూర్చోబెట్టి తీసే పోగొట్టుకున్నామయ్యా," అంటూ కళ్లు తుడుచుకుంది. డాక్టరు తలొంచుకుని, "నన్నూ కాపాడారమ్మా," అన్నాడు.

బావగారి దగ్గు తగ్గిందా? నా కుట్టుమిషను మీద దుప్పటి కప్పించు. ఆదివారం బస్సుకి వస్తాను. పిల్లలకు ముద్దులు. దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు ఆ నర్సమ్మను కూడా తలుచుకో.

నీ తమ్ముడు