గిరీశ్ మంత్రం పూర్తయ్యేదాక

జహీరాబాద్, జూలై 6

ప్రియమైన చెల్లె సహస్రకు,

నీ హాస్టల్ల ఫోన్ ఇయ్యరాయె, అందుకే ఉత్తరం. ఇంట్ల అందరం మంచిగున్నం. అల్లం చేను మొలిచింది.

నువ్వు రాసిచ్చిన కథల ఆట ప్రతి ఐతారం మన మిద్దె మీద ఆడుతున్నం. నేను కథ చెప్త. పూజ సిపాయి, బసవరాజ్ దొంగ, గిరీశ్ మాంత్రికుడు. పని అయిందా లేదా అన్నది పాచికలు వేసి తేలుస్తున్నం.

ఒక చిక్కొచ్చింది. మంత్రం పైకి, ఆగకుండ చదివితేనే పనిచేస్తదని రూల్ పెట్టినవు కద. గిరీశ్‌కు నత్తి. మూడు ఐతారాలు వాని మంత్రం సగంల ఆగింది, మాంత్రికుడు దెబ్బలు తిన్నడు. మేమెవ్వరం నవ్వలే. అయినా వాడు రావుడు బందు చేసిండు. బస్టాండ్ కాడ అడిగితే పనుందన్నడు.

వానికొక్కనికి చేతి సైగతో మంత్రమేసే వీలిస్త అనుకుంటున్న. ఏమంటవు?

నీ అన్న,
మహిధర్


హైదరాబాద్, జూలై 14

ప్రియమైన అన్నకు,

ఫిజిక్స్ పరీక్ష మంచిగ రాసిన, ఫికర్ చెయ్యకు.

గిరీశ్ ఆడుతడని తెల్వక రాసిన రూల్ అది. అయినా తప్పు నాదే. కానీ చేతి సైగ వద్దు. వానికొక్కనికే సులువు చేస్తే అందరి ముందట వాన్ని పక్కకు కూసోపెట్టినట్టే. మార్చేదుంటే అందరికీ మార్చు.

మంత్రం ఊరికే పనిచేస్తే మాంత్రికుడే అన్నీ గెలుస్తడు, మిగిలినోళ్లకు పనుండదు. అందుకే దానికి ఏదో ఒక కష్టం పెట్టాలె. ఆ కష్టం నాలుక మీద పెట్టిన, అదే పొరపాటు. ఇప్పుడు కాలం మీద పెడుతున్న. మంత్రం ఎంతసేపు చదివితే అంత బలం. తడబడినా, ఆగినా చెడదు. చదివినంతసేపు మాంత్రికుడు కదలొద్దు, శత్రువులొస్తే దోస్తులే కాపాడాలె. మధ్యల ఇంకొకరి గొంతు కలిస్తే మాత్రం మంత్రం ఆరిపోతది.

ఇది పనిచేస్తది, చూడు. వానింటికి నువ్వే పోయి చెప్పు.

ప్రేమతో,
సహస్ర


జహీరాబాద్, జూలై 28

నా బంగారు చెల్లెకు,

కోహీర్‌ల వానింటికి పోయి గిరీశ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించిన. ఇంకొకరి గొంతు కలవొద్దన్న మాట రెండుసార్లు చదివించుకున్నడు. తర్వాత చెప్పుడు మొదలుపెట్టిండు. చానసేపు పట్టింది.

“నేను రూల్ మీద కోపంతోటి పోలే. నేను ఆగినప్పుడల్లా మిగిలిన మాట నువ్వే అంటవు. ఆటల అంతే, చాయ్ హోటల్ల అంతే. జర నా మాట నన్ను చెప్పనియ్యి.”

నిజమే చెల్లె. సాయం చేస్తున్న అనుకున్న. అది నీకు రాసేటంత సంగతని గూడ తోచలే. మాఫ్ చెయ్యమన్న. వాడు నా భుజం మీద చెయ్యేసిండు.

నిన్న వచ్చిండు. కోట తలుపు ముందట రాక్షసులు ముట్టడిచ్చిన్రు. గిరీశ్ మంత్రం ఎత్తుకున్నడు. పూజ డాలు పగిలింది, బసవరాజ్ మోకాళ్ల మీద పడ్డడు. గిరీశ్ ఒక మాట కాడ ఆగిండు. ఆ మాట నా నోటి దాక వచ్చింది. చాయ్ గ్లాసు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్న. ముగ్గురం వాని మొఖమే చూస్తున్నం. ఆఖరుకు ఆ మాట వాడే అన్నడు. మూడు నిమిషాల మంత్రం. రాక్షసులు లేరు, తలుపు లేదు, కోట గోడ సగం లేదు. పూజ లేచి ఎగిరింది.

పోయేటప్పుడు మెట్ల మీద నిలబడి నాకొక మాట చెప్పిండు. నేను ఆఖరుదాక విన్న. వచ్చే ఐతారం కథ తానే చెప్తడట, నన్ను సిపాయిగ ఉండుమన్నడు.

డాలు తయారు చేసుకుంటున్న.

నీ అన్న,
మహిధర్