గీత దాకా నిండిన సీసా

డాక్టరమ్మగారికి,
మేస్త్రిగారి భార్య నమస్కారాలు. మా ఆయన అన్నవాహికలో లేచిన క్యాన్సర్ గడ్డ జన్యువుల్ని, ఆయన ఒంట్లో పుట్టుకతో ఉన్న జన్యువులతో పోల్చి, కొత్త మందు పనిచేస్తుందో లేదో చెబుతామన్నారు కదా. అందుకని ఆయన ఉమ్ము సీసాలో గీత దాకా నింపమన్నారు. నింపాం. ఒక చుక్క ఎక్కువే వేశాం. ఆ మందు ఆయనకి దక్కేలా చూడండి, మీకు పుణ్యముంటుంది.
ఇట్లు, గంపెడాశతో, మేస్త్రిగారి భార్య.
తా.క. మూత గట్టిగా బిగించాను. బలమైన మనిషి చేత తీయించండి.

అమ్మా,
సీసా అందింది. అందులో అయిదుగురు మనుషుల జన్యువులు, ఒక మేక జన్యువులు కనబడ్డాయి. యంత్రం పాడైందేమోనని మూడుసార్లు పరీక్షించాం. మూడుసార్లూ మేక వచ్చింది. దయచేసి వివరం తెలుపగలరు.
భవదీయురాలు, జన్యు పరిశోధకురాలు.
తా.క. యంత్రాలు బాగుచేసే ఆయన వచ్చి చూశాడు. మా యంత్రం నిక్షేపంగా ఉందట.

డాక్టరమ్మా,
ఏం మాటలండీ ఇవి! ఆస్పత్రిలో గడ్డకి రేడియేషన్ కరెంటు పెట్టించుకున్నాక మా ఆయన నోరు ఎండిపోయింది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూచుంటే సీసా అడుగు తడిసింది, అంతే. పాపం, మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంటి పెద్దకి కష్టమొస్తే చూస్తూ కూచుంటామా? నేను ఉమ్మాను, మరిది ఉమ్మాడు, అల్లుడు మొహమాటపడుతూనే ఉమ్మాడు. కోడలు మామగారి ఎదురుగా బాగుండదని తలుపు చాటుకెళ్లి ఉమ్మింది. దీనికే మందు లేదనకండి. కావాలంటే మళ్లీ ఉమ్ముతాం.
ఇట్లు, అదే నేను.
తా.క. మేకని మేమెవరం పిలవలేదు.
ఇంకో తా.క. మరిది ఇప్పుడు ఒప్పుకున్నాడు. మూత పెట్టకుండా సీసాని గుమ్మంలో వదిలి బీడీకి వెళ్లాడట.

అమ్మా,
మనిషికొకటి చొప్పున నేను పంపిన అయిదు సీసాలూ నిండి వచ్చాయి. మీ వారు తొమ్మిది రోజులు ఓపికపట్టి నింపింది వృథా పోలేదు. కొత్త మందు ఆయనకి పనికొస్తుంది, సోమవారం మొదలుపెడదాం. ఇక అసలు సంగతి. ఈ క్యాన్సర్‌ను తేగల జన్యు లోపం ఒకటి మీ మొదటి సీసాలో కనబడింది. అందుకే అందరివీ విడిగా అడిగాను. అది మీ వారిది కాదమ్మా, మీది. లోపం ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కానీ మింగేటప్పుడు ఏమైనా అడ్డుపడుతోందా? దాచకుండా రాయండి.
భవదీయురాలు, జన్యు పరిశోధకురాలు.
తా.క. మీ మరిదిగారి సీసాలో ఈసారి ఆయన ఒక్కరే ఉన్నారు. అభినందించానని చెప్పండి.

డాక్టరమ్మా,
మేస్త్రిని రాస్తున్నాను. మీ ఉత్తరాన్ని మా ఆవిడ పొయ్యిలో పెట్టబోతుంటే లాక్కుని చదివాను. నాకు ముద్ద దిగక జావ తాగుతుంటే, తోడుగా తనూ జావే తాగుతోంది. ఎంత ప్రేమో అని ఊరంతా చెప్పుకున్నాను. ఇవాళ నిలదీస్తే, తనకీ మూడు నెలలుగా ముద్ద దిగడం లేదట! నా వైద్యం అయ్యాక చెబుదామనుకుందట! ముందు ఒళ్లు మండింది, తర్వాత కాగితం తీసి మీకు రాయడానికి కూచున్నాను. సోమవారం ఇద్దరం వస్తున్నాం. నా మందు ఒక రోజు ఆగినా ఫరవాలేదు, ముందు ఆవిడని చూడండి.
ఇట్లు, మేస్త్రి.
తా.క. తనని పిలిస్తే రాదు. నన్నే పిలవండి. నా బదులు మాట్లాడ్డానికి తనే లేచి లోపలికొస్తుంది. రాగానే తలుపు వేసేయండి.