పదిహేడో నంబరు ముద్ర

ప్రియమైన అక్కకి,

అంతరిక్ష యుద్ధనౌకలో చేరి ఇరవై రోజులైంది. నన్ను ఫిరంగి జట్టులో వేశారు. మేం నలుగురం, మా మీద మేస్త్రి. గుండు ఎక్కించేటప్పుడు ఫిరంగి గదిలో గాలంతా తీసేస్తారు. అప్పుడు ఒంటి మీది సూటూ, చేతి గ్లౌజులే మా ప్రాణం.

మొన్న కొత్త గ్లౌజుల పెట్టె వచ్చింది. ప్రతి జత మణికట్టు మీదా పదిహేడో నంబరు ముద్ర! "ఇది మా అక్క ముద్ర! అక్క పరీక్షించి పంపినవి!" అని అందరికీ చూపించి గంతులేశాను. మేస్త్రి నవ్వలేదు. పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మాకిచ్చినవి అతుకులేసిన పాతవి. అడిగితే, "ఇచ్చింది తొడుక్కో" అన్నాడు.

గురి చూసే అతన్ని మేం కళ్ళజోడు అంటాం. "రేవులో అమ్ముకుంటున్నాడు, రాసి పెట్టుకో" అంటాడతను. నాకూ అదే అనుమానం.

నీ పిడుగు


ఒసేయ్ పిడుగూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నా చేతి మీదుగా వెళ్ళిన సరుకును పక్కన పడేయడానికి అతనెవరు? అమ్ముకుంటున్నాడు, అంతే. నోరు మూసుకుని కూర్చోకు, కెప్టెన్‌కి ఫిర్యాదు రాసివ్వు.

అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఫ్యాక్టరీలో ఊపిరాడని పని. సూపర్‌వైజర్ నెత్తి మీద కూర్చుంటున్నాడు. వేళకి తిను.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. మేస్త్రి బీరువా తెరిపించారు. ఒక్క జతా అమ్మలేదు. ముప్పై జతలూ అక్కడే ఉన్నాయి, అన్నీ మణికట్టు దగ్గర కత్తితో కోసి! శత్రువుల మనిషేమోనని గదిలో పెట్టి తాళం వేశారు.

తీసుకెళ్తుంటే నా దగ్గర ఆగాడు. "అమ్మాయ్, కొత్తవి తొడుక్కునే ముందు గాలి ఊది నీళ్ళలో ముంచి చూడు. చాలు" అన్నాడు. ఇదేం ఎత్తో తెలియడం లేదు. నిన్న మరో పెట్టె వచ్చింది, నీ ముద్రతోనే. శుక్రవారం కాల్పుల సాధన. నిజం చెప్పు అక్కా, ఆ గ్లౌజులు మంచివే కదా?

నీ పిడుగు


నా బంగారు తల్లీ,

ఆ గ్లౌజులు తొడుక్కోకు. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

గాలి పరీక్ష చేసే యంత్రం పాడై మూడు నెలలైంది. "సరుకు ఆగకూడదు, ముద్ర కొట్టు" అన్నాడు సూపర్‌వైజర్. కొట్టాను. ఆ మేస్త్రి వాటినెందుకు పక్కన పెట్టాడో నీ మొదటి ఉత్తరం చూసినప్పుడే నాకు అర్థమైంది. అయినా అతను దొంగ అయితే బాగుండునని కోరుకున్నాను. అందుకే ఫిర్యాదు చెయ్యమన్నాను.

ఏదో ఒక వంక చెప్పి నువ్వు తప్పించుకో. ఈ కాగితం చించెయ్యి. నేను జైలుకి పోతే అమ్మనెవరు చూస్తారు?

అక్క


అక్కకి,

నీ ఉత్తరం శనివారం అందింది.

శుక్రవారం పొద్దున, నిన్ను శంకిస్తున్నందుకు సిగ్గుపడుతూనే, నా జతను నీళ్ళలో ముంచాను. బుడగలు! కెప్టెన్ కోసం పరిగెత్తాను. నేను కనిపించలేదని నా బదులు కళ్ళజోడు కొత్త గ్లౌజులు తొడుక్కుని ఫిరంగి గదిలోకి వెళ్ళాడు. మేం వచ్చి ఆపించేసరికే గాలి తీసేశారు. అతని ప్రాణం దక్కింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు పోయాయి.

మేస్త్రిని వదిలిపెట్టారు. "ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని ఏడ్చాను.

"పైకి మూడుసార్లు రాశాను. ముద్ర ఉంది కదా అని జవాబిచ్చారు. ఎవరూ తొడుక్కోకూడదని కోసేశాను. నీకేం చెప్పను? మా అక్క ముద్ర అని గంతులేస్తివి. మొదట్లో నీకూ ఇందులో వాటా ఉందేమో అనుకున్నాను" అన్నాడు.

చించమన్న కాగితాన్ని రెండు రోజులు జేబులో మోశాను. మీ గ్లౌజులు ఇంకా తొమ్మిది నౌకలకు వెళ్తున్నాయట. ఈ పొద్దున దాన్ని కెప్టెన్ చేతిలో పెట్టాను.

విచారణకి కెప్టెన్ పంపే మనుషులు మీ ఫ్యాక్టరీకి రావడానికి వారం పడుతుంది. ఈ ఉత్తరం నాలుగు రోజుల్లో అందుతుంది. వాళ్ళు వచ్చేలోపు నువ్వే అధికారుల దగ్గరికి వెళ్ళి నిజం చెప్పెయ్యి, అక్కా. అమ్మ కోసం నేను సెలవు పెట్టాను. నన్ను తిట్టుకో, కానీ వెళ్ళు.

నీ చెల్లెలు