ఎస్తేరు కుడిచేతి ధమని

హన్మకొండ

బావగారికి వందనాలు. కాలేజీకి ఇచ్చిన మీ చెల్లె ఎస్తేరు దేహంతో వైద్య విద్యార్థుల పాఠాలు ఈరోజుతో ముగిశాయి. పూలుంచడానికి నన్నూ పిలిచారు. "అంకుల్, ఆంటీ బుక్కబుక్కకు నీళ్లు తాగేదా?" అని ఒక విద్యార్థిని అడిగింది. అవునన్నాను. కుడిచేతికి పోయే ధమని ఆమెకు అన్నవాహిక వెనకనుంచి పోయి దాన్ని నొక్కేదట. ఒక రోగి స్కానులోనూ అలాంటిదే చూపించి, "ఆంటీని చూసినంక ఇది ఏ స్కాన్ల ఉన్నా గుర్తుపడతం" అంది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

నెమ్మదిగా తింటుందని ఎక్కిరించిన అత్తమ్మకు ఈ కార్డు చదివి వినిపించండి. సమాధి లేదన్న కోపం మీరూ ఇక విడవండి. మీ బిడ్డ హెప్సిబా కాన్పు ఎప్పుడు? పిల్లలకు దీవెనలు. రేపు పొద్దున కాలేజీకి పోయి నా దేహం కూడా వాళ్లకే రాసిచ్చి వస్తాను.